మా మామగారి సొరుగుల బండి

"మీ మామగారు వెళ్ళిపోయారమ్మా," అన్నారు అత్తగారు ఫోన్లో.

"ఎక్కడికండీ?" అన్నాను.

నన్ను తప్పు పట్టకండి. ఆయన రిటైరైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో రోజూ వినబడే మాటే అది. ఇనప కొట్టుకు వెళ్ళిపోయారు, వెల్డింగ్ షాపుకు వెళ్ళిపోయారు, టీ చల్లారిపోతోందంటే వినకుండా వెళ్ళిపోయారు.

"ఈసారి అలా కాదమ్మా," అన్నారావిడ. మామూలు గొంతుతోనే చెప్పారు. "భోంచేసి నడుం వాల్చారు. మజ్జిగ ఇద్దామని లేపితే లేవలేదు. డాక్టరుగారొచ్చి చూసి వెళ్ళారు. నువ్వు అన్నం తిన్నావా? తిని బయల్దేరు. ఇక్కడికొచ్చాక ఎవరు పెడతారు నీకు?"

నేను పనిచేసేది బాపట్లలో. ఉండేది తెనాలిలో, అత్తమామల దగ్గర. మా ఆయనది చెన్నైలో ఉద్యోగం, నెలకోసారి వస్తాడు. డబ్బాలో అన్నం నాలుగు ముద్దలు ఎలాగో మింగి రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చుని మామగారిని తలుచుకుని ఏడుద్దామనుకుంటే ముందుగా ఆయన చేసిన సొరుగులు గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది. ఆ వెంటే ఏడుపొచ్చింది. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడ జామకాయ కొరకడం ఆపి నన్ను అదోలా చూసింది. ఆవిడకు చెప్పలేకపోయిన సంగతి మీకు చెబుతాను.

మామగారిది రేపల్లె. ఉద్యోగం చాలావరకు బాపట్లలో, లైబ్రేరియన్‌గా. ఆ రోజుల్లో పుస్తకాల వివరాలు చిన్న అట్టముక్కల మీద రాసి పొడవాటి చెక్క సొరుగుల్లో పెట్టేవారు. జీవితమంతా ఆ సొరుగులు లాగడం, నెట్టడంలోనే గడిచింది కాబట్టి సొరుగుల విషయంలో ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. ఎవరింటికి వెళ్ళినా బల్ల సొరుగు ఓసారి లాగి చూసేవారు. అది చూసి ఆ ఇంటివాళ్ళు కంగారు పడేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా బీరువా సొరుగు ఠపీమని మూశాను. ఆయన వరండాలోంచే, "అమ్మాయ్, సొరుగు మూస్తే చప్పుడు రాకూడదు. వచ్చిందంటే మనకి ఎవరిమీదో కోపంగా ఉందని అర్థం," అన్నారు. నిజానికి ఆవేళ నాకు మా ఆయన మీద కోపంగానే ఉంది.

రిటైరయ్యాక ఆయనకు ఊళ్ళు తిరగాలని కోరిక పుట్టింది. పాత జీపొకటి ఉంది. తిరగడానికి తోడు రావలసిన అత్తగారు మాత్రం గుమ్మం దాటరు. చర్చికి వెళ్తారు, బజారుకు వెళ్తారు, చీకటి పడకుండా ఇంటికొస్తారు. బయట ముద్ద ముట్టరు. హోటలు సంగతి అలా ఉంచండి, సొంత చెల్లెలింట్లో కూడా టీ తాగరు. తెనాలి నుంచి సూర్యలంక తీరం ఎంత దూరం? ఆవిడ సముద్రం చూడలేదు.

ఓరోజు భోజనాల దగ్గర మామగారు మరీ మరీ అడిగేసరికి ఆవిడ విసుక్కున్నారు. "నా వంటిల్లు వస్తే నేనూ వస్తానండి. ముందు దాన్ని బయల్దేరదీయండి."

వేరే ఎవరైనా అయితే ఊరుకునేవారు. మామగారు చెయ్యి కడుక్కుని టేపు తెచ్చుకుని వంటిల్లు కొలిచారు.

జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బండి ఒకటి కట్టాలనీ, లోపల ఇద్దరు పడుకోవాలనీ, వెనక నుంచి లాగితే వంటిల్లంతా సొరుగుల్లో బయటికి రావాలనీ ఆయన పథకం. చట్రమూ చక్రాలూ పైన రేకు గూడూ వెల్డింగ్ చేసే మస్తాన్ చూసుకున్నాడు. సొరుగులు మాత్రం ఎవరికీ ఇవ్వనన్నారు. "సొరుగులు నా సబ్జెక్టు," అన్నారు.

మొదటి సొరుగు ఆఫీసు బల్లలకు బిగించే రెడీమేడ్ ఛానళ్ళతో చేశారు. పరీక్షించడానికి అత్తగారిని పిలిచి, "నీ ఇష్టం, ఏం పెట్టుకుంటావో పెట్టుకో," అన్నారు. ఆవిడ ఇష్టంగానే పెట్టారు. గ్యాస్ పొయ్యి, ఇనప పెనం, ఆవకాయ జాడీ, గోంగూర జాడీ, ఇత్తడి గిన్నెలు, వాటి మీద గ్రైండరు.

"గ్రైండరు కూడానా?" అన్నారు మామగారు.

"పిండి ఎవరు రుబ్బుతారండి, సముద్రమా?"

ఆయన లాగారు. సొరుగు సగం దాకా పెళ్ళికూతురిలా నెమ్మదిగా వచ్చింది. ఆ తర్వాత ఛానళ్ళు రెండూ వంగి ముందుకు వాలిపోయాయి. గ్రైండరు ఆయన కాలి పక్కన, వేలెడు దూరంలో పడింది. జాడీని మాత్రం అత్తగారు గాల్లోనే అందుకున్నారు. ఆ వయసులో ఆవిడలో అంత చురుకుందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

మర్నాటి సాయంత్రం ఆయన ఎంతకూ ఇంటికి రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. మా వీధి చివర అపార్టుమెంటు ముందు నిలబడి పక్కకు జరిగే పెద్ద ఇనప గేటును మూస్తున్నారు, తెరుస్తున్నారు. వాచ్‌మన్ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "మీ తాలూకేనాండి? ఎవరి కోసం సార్ అంటే గేటు కోసం అంటున్నారండి."

"చూశావా అమ్మాయ్," అన్నారు మామగారు నన్ను చూడగానే. "ఇంత గేటు ఒక్క వేలితో జరుగుతోంది. కింద బేరింగు చక్రాలున్నాయి. మనకి కావలసింది ఛానలు కాదు, ఇది."

మస్తాన్ దగ్గరకు వెళ్ళాం. అతను బరువు విషయంలో ఎప్పుడూ వెనకాడే మనిషి కాదు. కిటికీ ఊచలు అడిగితే జైలు ఊచలు చేసిస్తాడని పేరు.

"ఎంత బరువు మోయాలి సార్?"

"మా ఇంటావిడ వంటిల్లు."

మస్తాన్ మూల పడున్న ఇనుము వైపు చూశాడు. "అయితే రైలు పట్టా వెయ్యాలి సార్."

దాదాపు అదే వేశాడు. మందపాటి ఇనప కమ్ములు, వాటిలో దొర్లే బేరింగులు. కానీ కొత్త చిక్కు వచ్చింది. సొరుగు పూర్తిగా లాగితే ముందు కిందికి వంగి, వెనక పైకి లేస్తోంది. మామగారు రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. మూడోనాడు ఇడ్లీ తింటూ తేల్చారు. "పిల్లలు ఆడుకునే ఏతాం బల్లలాగే ఇదీను. ఒక చివర కూర్చున్నవాడు బరువైతే రెండో చివరవాడు లేస్తాడు. బేరింగులు కిందే కాదు, వెనకవైపు పైన కూడా పెట్టాలి. లేవబోతే అవి తల మీద చెయ్యి పెట్టి కూర్చోబెడతాయి." అలాగే పెట్టారు. నేను ఆఫీసు నుంచి వచ్చి కమ్మీ రెండో చివర పట్టుకునేదాన్ని. అంతవరకూ మామగారితో నా మాటలు టీ ఇవ్వనా, మందులేసుకున్నారా అన్నంత వరకే. ఇనప కమ్మీకి ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ నిలబడితే మాట్లాడక తప్పదు. మా నాన్న గురించి నేను మా ఆయనకు కూడా చెప్పని సంగతులు ఆయనకు చెప్పింది అప్పుడే. ఆయన సలహాలివ్వలేదు. "కాస్త ఎత్తు, ఇప్పుడు చెప్పు," అనేవారు.

సొరుగు పూర్తయింది. ఏం పెట్టినా వంగలేదు. ఆ గర్వంలో ఆయన ఒక సంగతి మరిచిపోయారు. బండి ఇంకా జీపుకు తగిలించలేదు.

ఆ సాయంత్రం నేను గేటు తీసేసరికి కనబడిన దృశ్యం ఇది. బండి వెనక భాగం నేల మీద ఆనుకుని ఉంది. పూర్తిగా లాగిన సొరుగు మీద, గిన్నెల మధ్యన, అత్తగారు కూర్చుని ఉన్నారు. బండి ముందు కొస ఆకాశంలోకి లేచి ఉంది. ఆ కొసన, కొక్కేనికి ఇవతల, ఇనప కమ్మీకి అటో కాలూ ఇటో కాలూ వేసి మామగారు కూర్చుని ఉన్నారు. ప్రహరీ గోడకన్నా ఎత్తులో.

"వచ్చావా అమ్మాయ్," అన్నారు పైనుంచి, ఎంతో మర్యాదగా.

జరిగిందేమిటంటే, మామగారు ముందు కొసన కూర్చుని కొక్కెం బిగిస్తూ, "అన్నీ పెట్టి చూశాం, ఓసారి నువ్వు కూర్చుని చూడు," అన్నారట. అత్తగారు కూర్చున్నారు. ఆయన లేచారు. ఆవిడ దిగితే ఆయన కిందపడతారు. ఆయన దూకుదామంటే మోకాలి నొప్పి. కేకలు వేస్తే పక్కనున్న మినప్పప్పు మిల్లు చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

"ఎంతసేపైందండీ ఇలా?"

"మిల్లు వేసినప్పట్నుంచి," అన్నారు అత్తగారు. "ముందు నువ్వు కాళ్ళు కడుక్కునిరా. ఇంతసేపున్నాం, ఇంకాసేపుంటే ఏమైంది."

నేను ముందు కమ్మీ పట్టుకుని వేలాడాను. అత్తగారు కొంచెం కొంచెంగా లేచారు. మామగారు లిఫ్టులో దిగినట్టు దిగారు. దిగుతూనే, "సొరుగు మాత్రం వంగలేదు, గమనించావా?" అన్నారు. మర్నాడే మస్తాన్ వచ్చి బండి వెనక రెండు ఇనప కాళ్ళు బిగించి వెళ్ళాడు.

కానీ ఆ సాయంత్రం ఇంకోటి జరిగింది. అది నాకు మామగారు తర్వాత చెప్పారు, కమ్మీ పట్టుకున్నప్పుడే. అంతసేపు ఒకరినొకరు చూసుకుంటూ, లేచి వెళ్ళే వీలు లేకుండా కూర్చోవలసి వచ్చేసరికి, ఆయన అడిగారట. "అసలు బయట తింటే నీకేమవుతుంది?" అత్తగారు చెప్పారట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పోతే ఆవిడను రేపల్లెలో ఒక హాస్టల్లో వేశారు. మూడు పూటలా పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడాలి. పొట్టిపిల్ల కాబట్టి ఎప్పుడూ చివరే. తన వంతు వచ్చేసరికి గిన్నెలో అడుగు మిగిలేది. వడ్డించే ఆవిడ ఆ అడుగును కూడా కసురుతూ వేసేది. పెళ్ళయి సొంత పొయ్యి అంటించుకున్న రోజున అనుకున్నారట, ఇక ఎవరి ముందూ పళ్ళెం చాపకూడదని.

"ఇన్నేళ్ళూ మొండితనమనుకున్నానమ్మా," అన్నారు మామగారు. "నేను అడగలేదు. అడిగితే మాత్రం ఎదురుగా కూర్చుని అడిగానా? పేపరు చదువుతూ అడిగాను."

ఆ రాత్రి నుంచి ఆయన పని తీరు మారింది. బిగించిన సొరుగులు విప్పేశారు. పొయ్యి సొరుగు అత్తగారి మోచేతికి సరిపోయేలా కిందికి దించారు. జాడీలకు గుంటలు కోసి గుడ్డ అతికించారు. మస్తాన్ తల గోక్కుని, "బాగానే ఉంది కదా సార్, మళ్ళీ ఎందుకు?" అంటే, "బాగానే ఉంది గానీ, ఆవిడ పొట్టి," అన్నారు.

చేబ్రోలు దాకా ఓసారి నడిపి చూద్దామని నేనూ ఆయనా బయల్దేరాం. అంతకుముందే నాకు బండితో జీపు వెనక్కి నడపడం నేర్పారు. "నువ్వు కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. ఎడమకి తిప్పితే కుడికి పోతుంది," అని, ఇంట్లోకి ఓసారి చూసి గొంతు తగ్గించి, "కంగారు పడకు, కొన్నాళ్ళకి అలవాటవుతుంది. నాకు అయింది," అన్నారు.

చేబ్రోలులో స్పీడు బ్రేకరు దాటాం. వెనక నుంచి ఒక మోటార్ సైకిలు ఒకటే హారన్. మామగారు పక్కకు తీసి దారిచ్చారు. అయినా హారన్ ఆగలేదు. ఆ అబ్బాయి పక్కకొచ్చి, "ఏవండీ, మీ వంటగది బయటికొచ్చేసిందండి," అన్నాడు.

దిగి చూస్తే సొరుగు పూర్తిగా బయటికొచ్చి ఉంది. జాడీలు గుంటల్లో భద్రంగా ఉన్నాయి. గరిటెలు మాత్రం స్పీడు బ్రేకరు నుంచి మా దాకా దారి పొడుగునా పడి ఉన్నాయి. చేబ్రోలు జనం మంచివాళ్ళు. ఒక్కొక్కరూ ఒక్కో గరిటె పట్టుకొచ్చి, "ఇది మీదేనాండి?" అని ఇచ్చి వెళ్ళారు. మామగారు అందరికీ దణ్ణం పెట్టి అన్నీ తీసుకున్నారు.

ఇంటికొచ్చాక అత్తగారు సర్దుతూ ఆగిపోయారు. "ఈ చిల్లుల గరిటె మనది కాదే."

"వాళ్ళే ఇచ్చారు," అన్నారు మామగారు.

"ఇస్తే? ఎవరింట్లో బూరెలు ఆగిపోయాయో ఏమో. ఇచ్చి రండి."

అలా మా రెండో ట్రయల్ గరిటె తిరిగివ్వడానికి అయింది. ఈసారి సొరుగులకు బలమైన గడియలున్నాయి, మూసినప్పుడూ తెరిచినప్పుడూ కదలకుండా. అవి ఎక్కడా ఊడలేదు. గరిటె సొంతదారు మాత్రం దొరకలేదు. చివరికి ఒక టిఫిన్ సెంటరు ఆయన, "అంత బాధపడుతున్నారు కాబట్టి తీసుకుంటానండి," అని పుచ్చుకున్నాడు.

చలికాలంలో ఒక శనివారం పొద్దున్న అత్తగారు చెప్పులేసుకుని వచ్చి జీపులో కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే దిగిపోతారని భయం. బాపట్ల దాటి సూర్యలంక చేరేదాకా మామగారు గట్టిగా దగ్గనైనా లేదు.

సరుగుడు చెట్ల పక్కన గట్టి నేల చూసుకుని బండి ఆపాం. అత్తగారు వెళ్ళి సముద్రం ముందు నిలబడ్డారు. చాలాసేపు చూశారు. తిరిగొచ్చి, "చాలా ఉంది," అన్నారు. తర్వాత పొయ్యి సొరుగు లాగి, పెనం పెట్టి, మినపట్టు వేశారు.

గాలి జనం వైపుంది. మూడో అట్టు పెనం మీద ఉండగా గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి దగ్గరకొచ్చింది. "పిన్నిగారూ, ఉల్లిపాయ వేసి నాలుగు ఇస్తారాండి?"

"ఇది హోటల్ కాదండి," అన్నారు మామగారు.

"బోర్డు లేదుగానండి, వాసనొస్తోంది కదండీ," అన్నాడు ఆ ఇంటాయన. వాళ్ళ వెనక కాలేజీ కుర్రాళ్ళు, వాళ్ళ వెనక వల బాగుచేసుకుంటూ లేచొచ్చిన ఇద్దరు బెస్తవాళ్ళు, వాళ్ళ వెనక ఇంకెవరో. కాసేపటికి మా బండి వెనక చేతుల్లో కాగితం పళ్ళేలతో వరుస తయారైంది.

అత్తగారి చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. మామగారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అయిపోయింది, ఇక సర్దేస్తారు, మళ్ళీ జన్మలో గుమ్మం దాటరు అనుకున్నాను.

"వరుసలో నిలబడకండి," అన్నారు అత్తగారు. "ఎవరూ నిలబడొద్దు. అటెళ్ళి కూర్చోండి. అందరికీ వస్తాయి. వచ్చి పెడతాం."

పట్టా పరిచి అందర్నీ కూర్చోబెట్టాం. ఆవిడ వేస్తూనే ఉన్నారు. నేను పెడుతూనే ఉన్నాను. బాపట్ల లైబ్రరీలో ఒక్క చూపుతో హాలంతా నోరు మూయించిన మనిషిని పట్టుకుని ఒక కుర్రాడు, "బాబాయ్, ఇటు పచ్చడి," అన్నాడు. మామగారు పచ్చడి గిన్నెతో మోకాలి నొప్పి మరిచిపోయి పరిగెత్తారు. చివర కూర్చున్న చిన్నపిల్లకు అత్తగారు స్వయంగా వెళ్ళి, అందరికన్నా పెద్ద అట్టు వేసి వచ్చారు.

పిండి అయిపోయాక గుంటూరు ఆయన పర్సు తీశాడు. "ఎంతండీ?"

"మా ఇంటికొచ్చి తింటే డబ్బులు తీసుకుంటామా?" అన్నారు అత్తగారు.

మామగారు అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. సముద్రం గాలికి అద్దాలు మసకబారుతాయన్నారు. నేను అవునన్నాను.

ఆ తర్వాత రెండుసార్లు నిజాంపట్నం వెళ్ళాం, చేపల వేలం చూసి అక్కడే వండుకున్నాం. ఎక్కడికి వెళ్ళినా సొరుగులు మూసే పని ఆయనది. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. వానలు తగ్గాక రేపల్లె వెళ్దామనీ, తను ఈత నేర్చుకున్న పెనుమూడి రేవు చూపిస్తాననీ అత్తగారితో అంటుండేవారు. వానలు తగ్గాయి. ఆయన ఆగలేదు.

ఆయన పోయాక పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు వాక్యం చెప్పి, ఆయన మంచితనం చెప్పి, కొంచెం తటపటాయించి అన్నారు. "కొత్త బండికి ప్రార్థన చేయాలంటే వెళ్ళాను. బండికి చేశాను. సొరుగులకు విడిగా చెయ్యమన్నారు. నా సేవలో సొరుగులకు ప్రార్థన చేసింది అదొక్కసారే." జనం నవ్వారు. మస్తాన్ వెనక నిలబడి అందరికన్నా గట్టిగా నవ్వి, తర్వాత టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. అదే రోజు మా బంధువొకాయన బండిని ఏం చేస్తారని అడిగాడు. టిఫిన్ బండిగా బాగా పోతుందన్నాడు. అత్తగారు ఆయనకు ఇంకో వడ వేసి వెళ్ళిపోయారు.

మా ఆయన చెన్నై వెళ్ళిన తర్వాత, రెండో శనివారం నాడు, నేను నిద్రలేచేసరికి అత్తగారు పెరట్లో సొరుగులు సర్దుతున్నారు. పిండి గిన్నె, జాడీలు, పెనం.

"సెలవే కదమ్మా నీకు," అన్నారు. "జీపు తియ్యి. పెనుమూడి వెళ్దాం."

రేపల్లె మీదుగా వెళ్ళాం. దారిలో ఆవిడ ఆ హాస్టల్ ఎక్కడుండేదో చూపించారు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు. "పోనీలే," అన్నారు. కృష్ణ ఒడ్డున బండి ఆపి దాని ఇనప కాళ్ళు దించాను. ఆవిడ వండారు. ఇద్దరం తిన్నాం. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. ఆయన ఈదింది ఇక్కడా, ఇంకాస్త అవతలా అని ఒకసారి అడిగారు. నాకు తెలియదన్నాను. ఇక పొద్దు పోతోందని నేను లేవబోయాను.

"అవతలి ఒడ్డున ఏ ఊరమ్మా?" అన్నారు అత్తగారు.

"పులిగడ్డండి. అది దాటితే అవనిగడ్డ."

"ఆ తర్వాత?"

"బందరు వైపు పోతుందండి రోడ్డు."

ఆవిడ పెనం తుడుస్తూ తలెత్తి చూశారు. వంతెన మీద ఒక బస్సు అప్పుడే దీపాలేసుకుని అవతలికి పోతోంది. అది చిన్నదై, చుక్కంతై, ఒడ్డెక్కి చెట్లలోకి మలుపు తిరిగేదాకా ఆవిడ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.